ప్రియదర్శిని నుండి కాలయంత్రం దాకా: వెలుగుకొక వ్యాఖ్యానం

మన పండితలోకం పద్యానికి ప్రతిపదార్థం వ్రాసింది, తాత్పర్యం వ్రాసింది, అలంకారం పేరు చెప్పింది, పాఠాంతరాలు చూపింది. ఒక్క సమాసాన్ని పట్టుకొని రెండు పుటలు వ్రాసిన వ్యాఖ్యాతలు మనకున్నారు. కాని ఏబది, అరువది యేండ్లుగా తెలుగువారు ఏ పద్యాన్నీ చూడనంత మక్కువతో, మళ్ళీ మళ్ళీ చూచిన చలనచిత్ర దృశ్యాలకు మాత్రం అటువంటి వ్యాఖ్యానం అరుదు. మాటలు వ్రాసినవారిని తలచుకుంటాము, పాట పాడినవారిని తలచుకుంటాము, నటులను దేవుళ్ళను చేస్తాము. వెలుగును ఎక్కడ నిలపాలో, నీడను ఎక్కడ వదలాలో నిర్ణయించిన ఛాయాగ్రాహకుని పేరు అడిగితే మాత్రం తలలు గోక్కుంటాము. తెలుగు పండితునిగా ముప్పది యేండ్లకు పైగా బడిలో పాఠం చెప్పి, విశ్రాంతి పొంది, ఇప్పుడు బహదూర్‌పురాలో తీరికగా కూర్చున్న నేను, ఆ లోటును ఒకటి రెండు దృశ్యాల మేరకైనా తీర్చే ప్రయత్నం ఈ టపాలో చేస్తున్నాను.

ఎన్నుకొన్న విషయం వైజ్ఞానిక కల్పన. తెలుగు తెరమీద యంత్రం, అందులోనూ చూపును మోసుకొచ్చే యంత్రం, ఎట్లా చిత్రించబడింది? దాని చుట్టూ కెమెరా ఎట్లా ప్రవర్తించింది?

వైజ్ఞానిక కల్పన అనగానే మిత్రులకు 1991 నాటి ‘ఆదిత్య 369’ గుర్తుకు వస్తుంది. అది న్యాయమే. కాని నా కథ అంతకు 34 యేండ్ల ముందు, 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’తో మొదలవుతుంది. పౌరాణికాన్ని వైజ్ఞానిక కల్పనలో చేర్చడమేమిటని ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణకు ముందుగా సమాధానం చెప్పుకుందాం.

మహిమకూ యంత్రానికీ ఒక భేదమున్నది. సంజయునికి దివ్యదృష్టి వ్యాసుడు అనుగ్రహించినది. అది సంజయునిదే, ధృతరాష్ట్రుడు దానిని అరువు తెచ్చుకోలేడు. మహిమ వ్యక్తిని ఆశ్రయించి ఉంటుంది. యంత్రం అటువంటిది కాదు. ఎవరు తెరచినా పనిచేస్తుంది. దానికొక నియమం ఉంటుంది. ఆ నియమం రాజుకూ బంటుకూ ఒక్కటే. భోజరాజు పేర ప్రసిద్ధమైన ‘సమరాంగణసూత్రధారం’లో యంత్రాలకు ఒక అధ్యాయమే ఉన్నదని మనకు తెలుసు. ‘మాయాబజార్’లోని రెండు వస్తువులు ఈ లక్షణానికి సరిగ్గా సరిపోతాయి. ఒకటి సత్యపీఠం: దానిమీద ఎవరు నిలిచినా మనసులోని నిజం కక్కవలసిందే, శకుని అంతటివాడైనా సరే. రెండవది ప్రియదర్శిని: పేటిక మూత తెరచి చూచినవారికి, వారికి అత్యంత ప్రియమైనదేదో అది కనిపిస్తుంది. ఈ రెండూ వేషం మహిమది, నడక యంత్రానిది.

ఇక కాలాన్ని గమనించండి. భారతదేశంలో టెలివిజన్ ప్రసారం ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైనది 1959 సెప్టెంబరు 15న. అంటే మన తెరమీద మూత తెరచి బొమ్మ చూచే పేటిక వెలసిన నాటికి, దేశంలో ఏ యింటా అటువంటి పెట్టె లేదు. హైదరాబాదుకు దూరదర్శన్ వచ్చింది 1970లలో. 1975–76లో అమెరికావారి ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు ప్రసారాలు అందించినప్పుడు వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. అంతవరకూ మనవారిలో చాలామంది చూచిన ఏకైక ‘టీవీ’ ప్రియదర్శినియే అంటే అతిశయోక్తి కాదు. తరువాతి రోజులలో మా వీధిలో ఒక పెద్దాయన, ఉర్దూ తప్ప మరొకటి మాట్లాడనివారు, మా యింట ఈ చిత్రం చూస్తూ ఆ ఘట్టం రాగానే “ఏ తో టీవీ హై, మాస్టర్ సాబ్!” అన్నారు. భాష తెలియని ప్రేక్షకునికి కూడా ఒక్క క్షణంలో యంత్రం పని అర్థమైనదంటే, ఆ ఘనత మాటలది కాదు, దృశ్యానిది. కనుక ఆ దృశ్యమే మనకిప్పుడు పాఠ్యం.

దర్శకుడు కె.వి. రెడ్డి. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే. కళ గోఖలే, కళాధర్. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు. ఘట్టం క్లుప్తంగా ఇది: పేటిక అంతఃపురంలోని వారి ముందుకు వస్తుంది. బలరాముడు చూస్తే దుర్యోధనుడు కనిపిస్తాడు. రేవతి చూస్తే మణిమాణిక్యాలు. శశిరేఖ చూస్తే అభిమన్యుడు. శ్రీకృష్ణుడు చూస్తే, ఎవరూ ఊహించని విధంగా, శకుని.

మొదటి విశేషం పునరుక్తి. కావ్యంలో పునరుక్తి దోషం. ఇక్కడ అదే గుణం. చూచేవారి ముఖం, పేటికలోని బొమ్మ, మళ్ళీ ముఖం: ఈ మూడు అడుగుల నడక ఒక్కొక్కరికీ తిరిగి వస్తుంది. కెమెరా హంగు చేయదు. ఇదొక అద్భుతమని చుట్టూ తిరిగి చాటదు. యంత్రం నియమం మారదు కాబట్టి దృశ్యం చట్రమూ మారదు; మారేదల్లా లోపలి బొమ్మ. రెండవ మారుకే ప్రేక్షకునికి సూత్రం పట్టుబడుతుంది. మూడవ మారు అతడు ఎదురుచూస్తాడు. నాలుగవ మారు శకుని కనిపించేసరికి ఉలిక్కిపడి, ఆ వెంటనే నవ్వి, మరుక్షణం ఆలోచనలో పడతాడు. చట్రం స్థిరంగా లేకపోతే ఈ మూడు అవస్థలూ కలగవు.

రెండవ విశేషం పాత్రోన్మీలనం. నాటకంలో పాత్ర మనసు తెలియాలంటే స్వగతం కావాలి. బలరామునికి శిష్యవాత్సల్యం ఎంత గుడ్డిదో, రేవతికి సంపద మీద మోజెంతటిదో చెప్పడానికి నాటకకర్తకు రెండు పుటలు పడతాయి. ఇక్కడ ఒక్కొక్క బొమ్మ చాలు. పైగా స్వగతంలో పాత్ర తనంతట తాను చెప్పుకుంటుంది. ఇక్కడ నలుగురిలో బయటపడిపోతుంది. రాబోయే కథ అంతా ఆ పేటికలోనే ఉన్నది: దుర్యోధనుని మీది మమకారం, ధనాశ, ప్రేమ, వాటన్నిటినీ ఆడించబోయే పాచిక. ఆలంకారికులు ధ్వని అన్నది ఇటువంటిదానినే. శ్రీకృష్ణునికి శకుని ఎందుకు ప్రియుడో ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. అసురసంహారానికి పరికరం దొరకాలి గదా!

మూడవ విశేషం తెరలో తెర. పేటికలోని బొమ్మకూ, పేటికను చూస్తున్న ముఖానికీ వెలుగు వేరువేరుగా ఉండాలి. లేకుంటే రెండూ ఒకే లోకంలో ఉన్నట్లు కనిపించి యంత్రం చచ్చిపోతుంది. అట్లాగని మరీ వేరైతే అతికించినట్లుంటుంది. శశిరేఖ, అభిమన్యుల యుగళగీతం మొత్తం ఈ సన్నని అంచు మీద నడుస్తుంది. ఇద్దరూ ఒకే చోట లేరు. అయినా ఒకరి చూపు మరొకరికి తగులుతూనే ఉన్నది. ఆమె ఎటు చూస్తున్నదో, అతడు ఎటు చూస్తున్నాడో ఆ రెండు చూపుల గీతలు కలిస్తేనే ఇది సంభాషణ అనిపిస్తుంది. కలవకపోతే ఆమె ఒక పటం చూస్తున్నట్లుంటుంది. కె.వి. రెడ్డి ప్రతి సన్నివేశపు నిడివినీ చిత్రీకరణకు ముందే లెక్కగట్టేవారని ప్రసిద్ధి. అటువంటి ముందుచూపు లేనిదే, వేరువేరుగా తీసిన చూపులు ఇట్లా కుదరవు.

ఇదంతా నలుపు తెలుపులలో జరిగిందన్నది మరువరాదు. రంగు లేనప్పుడు ఛాయాగ్రాహకుని చేతిలో ఉన్నవి వెలుగు, నీడ, వాటి నడుమ బూడిద వన్నెలో నూరు మెట్లు. ఎర్రటి పెదవి నల్లబడుతుంది. తెల్లని బట్ట కళ్ళు చెదిరేటట్లు మెరుస్తుంది. అందుచేత బట్టల రంగులు, గోడల రంగులు అన్నీ ‘బూడిద వన్నెలో ఇది ఏమవుతుంది?’ అన్న ప్రశ్నతోనే ఎంచుకోవాలి. వెనుకనుండి ఒక దీపం పెట్టి జుట్టు అంచును వెలిగించకపోతే మనిషి గోడలో కలిసిపోతాడు. ‘స్వర్గసీమ’ (1945), ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955) చిత్రాలలో బార్ట్లే ఈ విద్యను సాధన చేస్తూ వచ్చి ‘మాయాబజార్’లో పరాకాష్ఠకు చేర్చారు. తరువాత ‘చెమ్మీన్’ (1965)లో కేరళ సముద్రతీరాన్ని రంగులలో చూపినదీ ఆయనే. ఆంగ్లో ఇండియన్ అయిన ఆ మనిషి మన ద్వారకను మనకంటె బాగా చూచాడు.

అదే చిత్రంలోని నౌకావిహారపు వెన్నెలను ఒక్కమారు తలచుకోండి. మా బహదూర్‌పురాకు దగ్గరలోనే మీరాలం చెరువున్నది. పున్నమినాడు ఆ నీటిమీద వెన్నెల నేను ఎన్నోమార్లు చూచాను. కన్నుకు ఎంతో వెలుగనిపిస్తుంది. నిజానికి పున్నమి వెన్నెల ఎండలో సుమారు 4 లక్షల వంతు మాత్రమే. ఆనాటి ఫిల్ముకు అది చీకటితో సమానం. కనుక తెరమీద మనం చూచినది చంద్రుడు కురిపించిన వెన్నెల కాదు. వెన్నెల ఇట్లా ఉంటుందని మన మనసులో ఉన్న తలపును దీపాలతో కట్టిన కట్టడం. నీటి అలమీద తళుకు, ముఖాలమీద మెత్తని వెలుగు, వెనుక ఒత్తుగా నిలిచిన నీడ, ఈ మూడింటి పాళ్ళు కుదరడమే ఆ వెన్నెల రహస్యం. కవిసమయం అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను చకోరాలతో పాటు ఈ వెన్నెలను కూడా ఉదాహరణగా చెప్పేవాడిని.

పోలికకు పడమటి దేశపు ఉదాహరణ ఒకటి. అమెరికాలో 1966 సెప్టెంబరు 8న ‘స్టార్ ట్రెక్’ టెలివిజన్ ధారావాహిక మొదలయింది. 1980లలో మన దూరదర్శన్‌లోనూ వచ్చింది. అందులో ఓడ నడిపే గదికి ఎదురుగా ఒక పెద్ద తెర. సిబ్బంది దానివైపు చూస్తారు. అందులో శత్రువు ముఖమో, నక్షత్రమో కనిపిస్తుంది. చిత్రీకరణ వేళ ఆ తెర ఖాళీ. బొమ్మ తరువాత చేర్చబడేది. నటులు శూన్యాన్ని చూచి భయపడాలి, ఆశ్చర్యపడాలి. ముఖం, తెర, ముఖం: మళ్ళీ మన ప్రియదర్శిని వ్యాకరణమే. అయితే అక్కడి ఛాయాగ్రాహకుడు జెర్రీ ఫిన్నర్‌మన్ రంగును ఆయుధం చేసుకున్నాడు. బూడిదరంగు గోడలమీద ఎర్రని, ఊదారంగు, పచ్చని వెలుగులు పరచి, ఒకే సెట్టును వేరువేరు లోకాలుగా మార్చేవాడు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఆ ధారావాహికను ప్రసారం చేసిన ఎన్‌బీసీ, రంగుల టీవీలు అమ్మే ఆర్‌సీఏ సంస్థకు చెందినది కావడం కూడా గమనింపదగినది. అక్కడి తెర దూరాన్ని చూపింది, మన పేటిక ప్రియాన్ని చూపింది. దూరదర్శనం, ప్రియదర్శనం అన్న రెండు మాటలలోనే రెండు సంప్రదాయాల భేదం ఉన్నదనిపిస్తుంది.

ఇక ‘ఆదిత్య 369’. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డి వద్ద సహాయకునిగా పనిచేసినవారు. కనుక నేను చెబుతున్న పరంపర నా ఊహ కాదు, గురుశిష్య సంబంధమే. హెచ్.జి. వెల్స్ 1895లో ప్రకటించిన కాలయంత్ర నవల స్ఫూర్తి, మన రాయలవారి భువనవిజయం, 2504వ సంవత్సరపు ఊహాలోకం, ఈ మూడింటినీ ఒక కథలో కూర్చారు. 1991 జూలై 18న విడుదలయింది.

ఈ చిత్రానికి ముగ్గురు ఛాయాగ్రాహకులు. పి.సి. శ్రీరామ్ ఆరంభించి అనారోగ్యంతో తప్పుకోగా, రాయలనాటి భాగం వి.ఎస్.ఆర్. స్వామి, భవిష్యత్తు భాగం కబీర్‌లాల్ చేపట్టారు. ముగ్గురు కవులు ఆంధ్రమహాభారతాన్ని పూర్తిచేసినట్లు, ఇక్కడ మూడు కాలాలు మూడు చేతులమీదుగా వచ్చాయి. ఆపదగా వచ్చినది చిత్రానికి అనుకూలించిందని నా అభిప్రాయం. యంత్రంలో కూర్చున్నవారు కాలం మారినట్లు మాటలతో చెప్పనక్కరలేదు. వెలుగు వాలకం మారగానే మనకు తెలుస్తుంది. రాయలవారి సభలో బంగారు వన్నె, నిండుదనం. భవిష్యత్తులో లోహపు చల్లదనం, మనిషి ఆనవాలు తగ్గిన శుభ్రత. యుద్ధానంతరం మానవులు భూగర్భంలో బ్రతికే లోకానికి సూర్యుడు లేడు. కనుక ఎండ ఛాయ లేని వెలుగే దానికి తగినది. కథలోని విషాదాన్ని దీపమే చెబుతున్నది.

కృష్ణకుమారుడు, కృష్ణదేవరాయలు, ఈ రెండు పాత్రలకూ నటుడు బాలకృష్ణ ఒక్కరే. కంప్యూటరు సాయం లేని ఆ రోజులలో ద్విపాత్రలను ఒకే చట్రంలో నిలిపే పద్ధతి చెప్పుకోదగినది. కటకంలో సగభాగం కప్పి ఒక పాత్రను చిత్రీకరించాలి. ఫిల్మును వెనుకకు తిప్పి, కప్పిన సగం విప్పి, తీసిన సగం మూసి, అదే నటుని రెండవ వేషంలో మళ్ళీ చిత్రీకరించాలి. నడుమ కెమెరా వెంట్రుకవాసి కదిలినా, దీపం వాడి కొంచెం మారినా, గీత బయటపడుతుంది. ఈ మాయ 1957 నాటిదీ, అంతకు పూర్వపుదీ. నేల విడవని ఓర్పే దీనికి పెట్టుబడి. ఆ పరంపరకు కొనసాగింపుగా 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో ఇసుక, ధూళి కమ్మిన కాశీ కంప్యూటరు మీద రూపుదిద్దుకొన్నది, దానికి కూడా సింగీతంవారు మార్గదర్శకులుగా నిలిచారు. ఒక జీవితం చేతి పనితనం నుండి కంప్యూటరు దాకా వంతెనయింది.

ఇంతదూరం వచ్చాక నా మనసులోని అసలు బాధ చెప్పాలి. 2010 జనవరి 30న ‘మాయాబజార్’ రంగులద్దుకొని మళ్ళీ విడుదలయింది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ ఆ పనిచేసింది. జనం ఆదరించారు, పిల్లలు చూచారు. శ్రమ, సాంకేతిక నైపుణ్యం కాదనలేనివి. అయినా పాఠపరిష్కరణ నేర్చుకొన్న నాకు ఒక ప్రశ్న మిగిలింది. తాళపత్రంలో లేని పద్యం మధ్యలో చేరితే దానిని ప్రక్షిప్తం అంటాము. పద్యం బాగున్నా ప్రక్షిప్తమే. బూడిద వన్నెల మెట్లలో బార్ట్లే కట్టిన వెలుగుమీద పసుపు, నీలం పరచితే, అది ఆయన పాఠమా, మరొకరి పాఠమా?

చట్రం విషయం ఇంకా స్పష్టం. మూలచిత్రం వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 1.37కు 1. రంగుల ప్రతిని సినిమాస్కోపుకు, అంటే 2.35కు 1 నిష్పత్తికి మార్చారు. వెడల్పు మొత్తం నింపాలంటే ఎత్తులో నూటికి సుమారు 42 వంతులు వదలుకోవాలి; ఇది కేవలం లెక్క. తలమీద కిరీటానికీ, క్రింద చేతిలోని పేటికకూ చోటు చూచి కట్టిన చట్రంలో పైనా క్రిందా కోత పడితే ఏది మిగలాలి? సీసపద్యంలో ఎత్తుగీతి తీసివేసి ముద్రించినట్లు కాదా?

దీనికి ఎదురువాదం బలహీనమైనదేమీ కాదు. రంగు లేకపోతే నేటి పిల్లలు చూడరంటారు. నేను కొలువులో ఉండగా ఒకమారు తొమ్మిదవ తరగతికి ప్రియదర్శిని ఘట్టాన్ని నలుపు తెలుపు ప్రతిలోనే చూపించాను. మొదట గుసగుసలు. బలరాముని వంతు అయ్యేసరికి నిశ్శబ్దం. శకుని కనిపించగానే తరగతి ఘొల్లున నవ్వింది. తరువాత వారిని అడిగాను: “పేటికలో మీకేమి కనిపిస్తుంది?” ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పారు. ఒక అమ్మాయి మాత్రం, “మా అమ్మ చూస్తే ఏం కనిపిస్తుందో తెలుసుకోవాలని ఉంది సార్” అన్నది. రంగు లేదన్న సంగతి ఆ గంటలో ఎవరూ ఎత్తలేదు. పిల్లలకు చూడటం నేర్పకుండా, వారు చూడరని తీర్పు చెప్పడం మన సోమరితనం.

రంగుల ప్రతి ఉండకూడదని నా వాదం కాదు. వ్యాఖ్యానం ఉండవచ్చు, అనువాదం ఉండవచ్చు. మూలం మాత్రం మూలంగా అందుబాటులో ఉండాలి, దానిపేరే ముందు చెప్పాలి. ‘ఆదిత్య 369’ 2025 ఏప్రిల్‌లో 4కే స్పష్టతతో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. కొత్త రంగులద్దడం వేరు, ఉన్న బొమ్మకు పట్టిన మసక తుడవడం వేరు. రెండవది పరిష్కరణ, అది స్వాగతించదగినది. మెదక్ సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య వ్రాస్తూ, మూలంలో లేనిది వ్రాయనని నియమం పెట్టుకొన్నాడు. చిత్రాలను పునరుద్ధరించేవారికి అంతకంటె మంచి నియమం నాకు తోచదు.

ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఒక ప్రియదర్శిని ఉన్నది. మనకేది ప్రియమో కనిపెట్టి అదే చూపిస్తున్నది, రోజంతా చూపిస్తున్నది. 1957లో ఆ పేటిక ఒక్కసారి తెరుచుకొని, చూచినవారి మనసును నలుగురిలో బయటపెట్టి, మూతపడింది. చూచినవాడు సిగ్గుపడ్డాడు, నవ్వాడు, ఆలోచించాడు. మనం మూయడం మరచిపోయాము. కెమెరా ఆ పేటిక ముందు అంత నిలకడగా ఎందుకు నిలిచిందో ఈ పోలికతో నాకు మరింత బాగా తెలిసింది: దానికి బొమ్మకంటె బొమ్మను చూస్తున్న ముఖం ముఖ్యం.

మిత్రులకు ఒక మనవి. ఈసారి మీకు నచ్చిన పాతచిత్రాన్ని గురించి వ్రాసేటప్పుడు దర్శకుని పేరు ప్రక్కన ఛాయాగ్రాహకుని పేరు కూడా వ్రాయండి. ఒక్క దృశ్యాన్ని ఎన్నుకొని, వెలుగు ఎటునుండి వచ్చిందో, కెమెరా ఎక్కడ నిలిచిందో, ఎందుకు నిలిచిందో మీ మాటలలో చెప్పండి. పద్యానికి వ్రాసినంత శ్రద్ధతో వ్రాయండి. విజ్ఞులు తమ అభిప్రాయాలు తెలిపితే సంతోషిస్తాను.